మిగతా వెండితెరపై చూడండి



మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళకి వీధిలోంచి ఒక గొంతు వినబడేది. మీకు జ్ఞాపకం ఉందా? రిక్షాకి రెండువైపులా అట్టలకి అంటించిన పోస్టర్లు, లోపల మైకు పట్టుకున్న మనిషి. "నేడే చూడండి! మీ అభిమాన థియేటర్లో! రోజూ నాలుగు ఆటలు!" అని ఆయన సాగదీసి చెబుతూ ఉంటే, గులాబీరంగు కరపత్రాల కోసం పిల్లలం ఆ రిక్షా వెనకాల వీధి చివరిదాకా పరుగెత్తేవాళ్ళం. ఆ కాగితంలో కథ కొంత వేసేవారు. నాయిక పెళ్ళిపీటల మీద కూర్చుంది, ఇంతలో పోలీసులు వచ్చారు, తరువాత ఏమయింది? అక్కడ ఆగిపోయేది. "మిగతా వెండితెరపై చూడండి."

మా అమ్మ పెట్టె అడుగున పాత సినిమా పాటల పుస్తకాలు ఒక కట్ట ఉండేవి. వాటిల్లోనూ ఇదే వరస. పాటలన్నీ పూర్తిగా ఇచ్చేవారు గానీ, కథాసంగ్రహం మాత్రం సరిగ్గా ముడిపడే చోటికి తీసుకొచ్చి వదిలేసేవారు. చదివినవాళ్ళకి ఆ పూట అన్నం సయించేది కాదు. టిక్కెట్టుకి డబ్బులు ఎలా సమకూరతాయా అని పోపులడబ్బా వైపు చూసేవారు.

ఈ "మిగతా" అన్న మాటే ట్రెయిలరుకి ప్రాణం. ట్రెయిలరు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, అది మనకిచ్చే మాట ఎంతవరకు నమ్మవచ్చు, ఈ సంగతులు ఈవేళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందుగా పేరు సంగతి. ట్రాక్టరు వెనకాల తగిలించే తొట్టిని ట్రెయిలరు అంటాం కదండీ. వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది అని దాని అర్థం. మరి సినిమాకి ముందు చూపించేదానికి వెనకాల వచ్చేదాని పేరేమిటని నాకు చాలాకాలం సందేహంగానే ఉండేది. అసలు సంగతేమిటంటే, మొదట్లో అమెరికాలో ఈ ముక్కని ఆడుతున్న బొమ్మ చివర తగిలించేవారు. బొమ్మ అయిపోయింది, ఇక వచ్చే వారం మా హాల్లో ఫలానా బొమ్మ వస్తోంది అని చెప్పడం అన్నమాట. కానీ "శుభం" కార్డు పడ్డాక కుర్చీలో కూర్చునే ఓపిక ఏ దేశంలో ఎవరికి ఉంటుంది? చంటిపిల్లలున్న తల్లులు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. చూసేవాళ్ళు లేక, దాన్ని బొమ్మకి ముందుకి మార్చుకున్నారు. చోటు మారినా పేరు మాత్రం మారలేదు.

మొట్టమొదటి ట్రెయిలరు ఏది అంటే, 1913 నవంబరులో న్యూయార్కులో వేసినదని సాధారణంగా చెబుతారు. అక్కడ చాలా సినిమా హాళ్ళున్న ఒక సంస్థలో నిల్స్ గ్రాన్‌లండ్ అనే ఆయన ప్రచార వ్యవహారాలు చూసేవాడు. ఆయన తయారుచేసిన ఆ చిన్న ఫిలిం సినిమా గురించి కాదు, ఒక సంగీత నాటకం గురించి. "ది ప్లెజర్ సీకర్స్" అనే ఆ నాటకం రిహార్సళ్ళు కొంత ఫిలిం తీసి, తమ సినిమా హాళ్ళలో వేయించాడు. ఇంతమంది ఆడుతున్నారు, ఇలా పాడుతున్నారు, రండి చూడండి అని. నాటకానికి చేసిన ప్రచారం సినిమాలకి దారి చూపించిందన్నమాట. ఈ గ్రాన్‌లండ్ తరువాత 1920ల్లో న్యూయార్కులో డబ్ల్యూ.హెచ్.ఎన్. అనే రేడియో స్టేషన్లో మైకు ముందు పేరు తెచ్చుకున్నాడు. ఈ సంగతి తెలిశాక, మా రేడియోవాళ్ళకీ ట్రెయిలరుకీ ఎక్కడో చుట్టరికం ఉందని నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఆ ఏడాది చివరి రోజుల్లోనే షికాగోకి చెందిన సెలిగ్ అనే కంపెనీ "ది అడ్వెంచర్స్ ఆఫ్ కాథ్లిన్" అని 13 భాగాల ధారావాహిక చిత్రం విడుదల చేయడం మొదలుపెట్టింది. కథ ఎక్కడ జరుగుతుందనుకున్నారు? మన దేశంలోనే! అంటే వాళ్ళు ఊహించుకున్న ఒక భారతదేశపు రాజ్యంలో. నాయికగా వేసినావిడ కాథ్లిన్ విలియమ్స్. సింహాలూ, రాజులూ, ఆపదలూ, సమస్తం ఉన్నాయి అందులో. ఒక పక్క తెరమీద బొమ్మ ఆడుతుంటే, మరో పక్క అదే కథని షికాగోలో ఒక దినపత్రిక సీరియల్‌గా వేసింది. నాయికని సింహాల మధ్య పడేసి, "ఆమె బయటపడుతుందా? వచ్చే వారం చూడండి" అని తెర మీద అక్షరాలు వేసి ఆట ముగించేవారని చెబుతారు. వారపత్రిక వచ్చిన రోజున కూర మాడుతున్నా సీరియల్ వదలని మనబోటి వాళ్ళకి ఈ కిటుకు వేరే ఎవరూ నేర్పక్కరలేదు.

తరువాత ఇది వ్యాపారంగా స్థిరపడింది. 1919లో న్యూయార్కులో నేషనల్ స్క్రీన్ సర్వీస్ అని ఒక సంస్థ వెలిసింది. నిర్మాతల బొమ్మల నుంచి ముక్కలు ఏరి, మధ్యమధ్య అక్షరాలు చేర్చి, ట్రెయిలర్లు తయారుచేసి హాళ్ళకి అద్దెకివ్వడం వీరి పని. అన్నీ ఒకే చోట తయారైతే అన్నీ ఒకలాగే ఉంటాయి కదా. ఆ రోజుల ట్రెయిలర్లు చూస్తే, తెరకి ఒక మూల నుంచి అక్షరాలు దూసుకొచ్చి, "అద్భుతం! అపూర్వం! ఇంతవరకు ఎవరూ చూడనిది!" అని అరుస్తూ ఉంటాయి. మన రిక్షా మైకాయన కూడా అచ్చంగా అదే భాష మాట్లాడేవాడు. ఆయన వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడని కాదు. అమ్మేవాడి గొంతు ఎక్కడైనా ఒకటే.

అందరూ అరుస్తున్న ఆ కాలంలో మెల్లిగా మాట్లాడినవాడు ఆర్సన్ వెల్స్. ఈయన కూడా రేడియో మనిషే. 1938లో ఒక రేడియో నాటకంతో, అంగారక గ్రహంవాళ్ళు మనమీదికి దండెత్తి వచ్చారంటూ అమెరికాలో గగ్గోలు పుట్టించినాయన. ఆయన "సిటిజన్ కేన్" బొమ్మకి 1940లో తీసిన ట్రెయిలరులో అసలు బొమ్మలోని ముక్క ఒక్కటీ వేయలేదు. నాయకుడూ తానే, దర్శకుడూ తానే అయినా తన ముఖం కూడా చూపించలేదు. మైకు కనబడుతుంది, గొంతు వినబడుతుంది, అంతే. "వీరు ఫలానా, ఇదివరకు సినిమాల్లో వేయలేదు" అంటూ తన రేడియో, నాటక బృందాన్ని ఒక్కొక్కరినే ఇంటికొచ్చిన చుట్టాలని పరిచయం చేసినట్టు చూపించాడు. బొమ్మ 1941లో వచ్చింది. మైకు ముందు కూర్చునేదాన్ని కనుక నాకు ఈ ట్రెయిలరంటే పక్షపాతం ఉంది. ముఖం చూపించకుండా మనిషిని కట్టిపడేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక హిచ్‌కాక్ "సైకో" సంగతి వివరంగా చెప్పాలి. ట్రెయిలరు చరిత్రలో అంత గడుసుపని నాకు మరొకటి కనబడలేదు.

1960 నాటికి ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ముఖం అమెరికాలో ఇంటింటికీ తెలుసు. 1955 నుంచీ టెలివిజన్లో ఆయన పేరుతో కార్యక్రమం వస్తోంది. లావుపాటి మనిషి, బట్టతల, ముఖంలో ఏ భావమూ లేకుండా భయంకరమైన సంగతులు చల్లగా చెబుతాడు. "సైకో"కి ఆయన ఆరున్నర నిమిషాల పొడుగున్న ట్రెయిలరు తీశాడు. నటీనటుల నటన లేదు, కథ చెప్పడం లేదు. ఇల్లు అద్దెకి చూపించే బ్రోకరులాగ తానే వచ్చి, ఇది ఫలానా హోటలు, దాని వెనక కొండమీద ఉన్నది ఫలానా ఇల్లు అని తిప్పి చూపించడం మొదలుపెడతాడు. వెనకాల ఉల్లాసమైన సంగీతం. మెట్ల దగ్గర ఆగుతాడు. ఇక్కడే రెండో హత్య జరిగిందని చెప్పి, ఎలా జరిగిందో వివరించబోయి, మొహం చిట్లించి, వద్దులెండి అన్నట్టు ముందుకి కదులుతాడు. ఆ ఇంటి పెద్దావిడ గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచి చూపిస్తాడు. చివరికి హోటలు గదిలోని స్నానాలగది. అంతా కడిగేశారు, ముందు చూసి ఉంటే తెలిసేది అంటాడు. చెయ్యి చాపి తెర లాగుతాడు. లోపల ఒక స్త్రీ కెవ్వున అరుస్తుంది. అంతటితో సరి.

చూశారూ, అన్నీ చెప్పినట్టే ఉంటుంది. హత్యలు జరిగిన చోట్లు చూపించాడు, పెద్దావిడ గది చూపించాడు. అయినా అసలు గుట్టు మాత్రం ఒక్క రవ్వ బయటపెట్టలేదు. పైగా మరో తమాషా. బొమ్మలో ఆ స్నానాలగది ఘట్టంలో నటించినది జానెట్ లీ. ట్రెయిలరులో ఆ అరుపు అరిచినది ఆమె కాదు, బొమ్మలో చెల్లెలి వేషం వేసిన వెరా మైల్స్. ఆవిడకి సవరం లాంటిది పెట్టి నిలబెట్టారు. అంటే ట్రెయిలరులో ఉన్నది బొమ్మలో లేదు, బొమ్మలో ఉన్నది ట్రెయిలరులో లేదు. అయినా చూసి వచ్చినవాళ్ళెవరూ మోసపోయామని అనుకోలేదు. ట్రెయిలరు వాళ్ళకి ఏ ముక్కలో ఏముంటుందో చెప్పలేదు. భయపెడతానని మాట ఇచ్చింది. ఆ మాట బొమ్మ నిలబెట్టుకుంది.

ఇంతటితో ఊరుకోలేదు హిచ్‌కాక్. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని హాళ్ళవాళ్ళకి షరతు పెట్టాడు. అప్పట్లో అక్కడి జనం ఎప్పుడు పడితే అప్పుడు హాల్లోకి వెళ్ళి, సగం నుంచి చూసి, మళ్ళీ మొదటి సగం చూసి రావడం అలవాటు. ఈ షరతుతో వ్యాపారం దెబ్బతింటుందని హాళ్ళవాళ్ళు మొదట భయపడ్డారు. తీరా చూస్తే వేళకి ముందే వీధిలో బారులు తీరి జనం నిలబడ్డారు. ఆ బారే మళ్ళీ ఒక ప్రచారమైంది. దాదాపు 8 లక్షల డాలర్లలో తీసిన ఆ బొమ్మ అనేక రెట్లు సంపాదించింది.

ఆ తరువాత కథ త్వరగా చెప్పేస్తాను. 1975లో "జాస్" అనే సొరచేప బొమ్మకి టెలివిజన్లో అర నిమిషం ప్రకటనలు ఎడాపెడా వేశారు. వాటికే సుమారు 7 లక్షల డాలర్లు ఖర్చు పెట్టి, ఒకే రోజున నాలుగు వందల పైచిలుకు హాళ్ళలో విడుదల చేశారు. ట్రెయిలరు హాలు దాటి ఇంట్లోకి వచ్చి కూర్చోవడం అప్పటినుంచి బాగా బలపడింది. 1998 నవంబరులో మరీ విచిత్రం జరిగింది. "స్టార్ వార్స్" వరసలో రాబోయే బొమ్మకి రెండు నిమిషాల పైచిలుకు ట్రెయిలరు వేస్తున్నారని తెలిసి, జనం వేరే బొమ్మకి పూర్తి టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళి, ఆ ట్రెయిలరు చూసి, అసలు బొమ్మ మొదలుకాకుండానే బయటికి వచ్చేశారు. మనవైపు పిల్లలు పెళ్ళికి వెళ్ళి ఐస్‌క్రీము తిని వచ్చేస్తారు చూడండి, అలా అన్నమాట.

గొంతుల సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అమెరికా ట్రెయిలర్లకి కొన్ని దశాబ్దాలపాటు ఒకే ఒక్క మనిషి గొంతు ఏలిక. డాన్ లాఫాంటెయిన్ ఆయన పేరు. 1940లో పుట్టి 2008లో పోయాడు. 5 వేలకి పైగా ట్రెయిలర్లకి చెప్పాడట. బావిలోంచి వచ్చినట్టుండే బరువైన గొంతు. ఆ దారిలో ఆడగొంతులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవలసిందే. సబ్బు కొనమనడానికీ, పసిపిల్లల పౌడరు కొనమనడానికీ ఆడగొంతు పనికొస్తుంది. సినిమాకి రమ్మనడానికి ఎందుకు పనికిరాదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఈ బాధ నా ఒక్కదానిదే కాదు లెండి. 2013లో లేక్ బెల్ అనే నటి ఇదే విషయం మీద, ట్రెయిలర్లకి గొంతు ఇవ్వాలని తాపత్రయపడే ఒక అమ్మాయి కథగా, తానే రాసి, తానే దర్శకత్వం వహించి, తానే నటించి ఒక బొమ్మ తీసింది.

మన దేశంలో గొంతుతో బొమ్మలు అమ్మిన ఘనత రేడియోది. వివిధభారతిలో 1967లో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాక, రాబోయే సినిమాల మీద పావుగంట ప్రాయోజిత కార్యక్రమాలు వచ్చేవి. రెండు పాట ముక్కలు, నాలుగు డైలాగులు, మధ్యలో అమీన్ సయానీ గొంతు. చెవులకి ట్రెయిలరన్నమాట. మన తెలుగులో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవారు. బొమ్మంతా కుదించి గంటసేపు వినిపించేవారు. కందులు ఏరుకుంటూ, జాకెట్లు కుట్టుకుంటూ విన్న ఇల్లాళ్ళు ఎందరో. అది విన్నవాళ్ళు, చూసినట్టే ఉంది ఇక హాలుకి ఎందుకని ఆగిపోయేవారా, లేక కళ్ళతో కూడా చూడాలని బయల్దేరేవారా? మా పెద్దమ్మ అయితే రెండూ చేసేది. విన్నది చాలు అనేది, ఆదివారం రాగానే చీర మార్చుకునేది.

మొన్నమొన్నటి "బాహుబలి" కూడా ఆ కాథ్లిన్ బాటే పట్టింది. 2015 జులైలో వచ్చిన మొదటి భాగం, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నతో ముగిసింది. 2017 ఏప్రిల్ చివర్లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా అదే మాట. ట్రెయిలరుని మళ్ళీ బొమ్మ చివరకి తీసుకెళ్ళి కట్టినట్టయింది.

ఇప్పుడు నా గోడు ఒకటి వినండి. కొన్నేళ్ళ క్రిందట ఒక బొమ్మ ట్రెయిలరు ఫోన్లో చూశాం. పేరు చెప్పను. నిశ్చితార్థం, గాజులు, బామ్మగారి ఛలోక్తులు, పెరట్లో పందిరి. ఇంటిల్లిపాదీ చూడదగ్గదనుకుని అత్తగారితో, పిల్లలతో సహా ఆరుగురం వెళ్ళాం. టిక్కెట్లూ, ఆటోలూ, లోపల పిల్లల చిరుతిళ్ళూ కలిపి నెల పాల బిల్లంత అయింది. ఆ పందిరి, ఆ గాజులు మొదటి పావుగంటలో అయిపోయాయి. విశ్రాంతి తరువాత కత్తులే కత్తులు. అత్తగారు కొంగు ముఖానికి కప్పుకుని కూర్చున్నారు. చిన్నది నా ఒళ్ళో తల దూర్చి ఎత్తలేదు. ట్రెయిలరులో వేసినవన్నీ ఆ బొమ్మలోవే, ఒక్కటీ అబద్ధం కాదు. ఏరడంలోనే ఉంది అంతా. థియేటర్లో వేసే ట్రెయిలరుకి కూడా సెన్సారు సర్టిఫికెట్టు ఉండాలి గానీ, ఆ సర్టిఫికెట్టు ఏది చూపించకూడదో చూస్తుంది. ఏది దాచారో అది చూడదు.

నేను గొణుక్కుని ఊరుకున్నాను. మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయిని ఊరుకోలేదు. 2016లో "ఫ్యాన్" అనే హిందీ బొమ్మ వచ్చింది. దాని ప్రచారంలో "జబ్రా ఫ్యాన్" అనే పాట టీవీల్లో మారుమోగిపోయింది. ఆ పాట చూడాలనే ఆవిడ కుటుంబంతో వెళ్ళారు. బొమ్మంతా అయిపోయింది గానీ పాట రాలేదు. నిరాశతో పిల్లలు ఆ రాత్రి భోజనం చేయలేదని కూడా ఆవిడ ఫిర్యాదులో రాసుకున్నారు. జిల్లా వినియోగదారుల ఫోరం కొట్టేసింది. ఆవిడ రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళారు. అక్కడ నిర్మాతలు యశ్‌రాజ్ ఫిలిమ్స్ వారు 10 వేల రూపాయల నష్టపరిహారం, ఖర్చుల కింద మరో 5 వేలు ఇవ్వాలన్నారు. జాతీయ కమిషన్ కూడా అదే ఖాయం చేసింది. పాట ప్రచారానికి మాత్రమేనని నిర్మాతల వాదన. వారు సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ట్రెయిలరు ఒక వాగ్దానం కాదు, ఒప్పందమూ కాదు. టిక్కెట్టు కొనేలా ప్రోత్సహించడం దాని పని. టిక్కెట్టు కొనడం అనేది వేరే వ్యవహారం. ట్రెయిలరులో ఉన్నది బొమ్మలో లేనంత మాత్రాన సేవలో లోపమని గానీ, అక్రమ వ్యాపారమని గానీ అనడానికి వీల్లేదు. కళకి సంబంధించిన పనిలో కళాకారుడికి కొంత స్వేచ్ఛ ఉండాలి. ఇదీ తీర్పు సారాంశం. ఆవిడకి వచ్చిన 15 వేల ఉత్తర్వు రద్దయింది.

తీర్పు చదివితే న్యాయంగానే తోస్తుంది. ప్రతి పాటకీ, ప్రతి డైలాగుకీ కోర్టుకెక్కితే ఎవరూ బొమ్మ తీయలేరు. హిచ్‌కాక్ కూడా ముద్దాయే అవుతాడు. కానీ చీరకొట్టువాడు షోకేసులో ఒక చీర పెట్టి, లోపలికి వెళ్ళాక అది అమ్మకానికి కాదంటే మనం ఊరుకుంటామా? కనీసం ఆ ప్రచారం అడుగున "ఈ పాట చిత్రంలో లేదు" అని కంటికి ఆనే అక్షరాలతో ఒక ముక్క వేస్తే కళకి వచ్చే నష్టం ఏమిటో నాకు తెలియదు.

అమెరికాలో కూడా ఇలాంటిదే జరిగింది. "యెస్టర్‌డే" అనే 2019 నాటి బొమ్మ ట్రెయిలరులో ఆనా ది ఆర్మస్ అనే నటి కనబడింది. బొమ్మలో ఆమె ఘట్టాలు తీసేశారు. 3 డాలర్ల 99 సెంట్లు అద్దె కట్టి ఇంట్లో చూసిన ఇద్దరు అభిమానులు 2022లో యూనివర్సల్ కంపెనీ మీద దావా వేశారు. ట్రెయిలరు కూడా కళాఖండమే, దానికి భావప్రకటన స్వేచ్ఛ ఉందని కంపెనీ వాదించింది. 2022 డిసెంబరులో న్యాయమూర్తి ఆ వాదన ఒప్పుకోలేదు. ట్రెయిలరు వ్యాపార ప్రకటనే, కాబట్టి తప్పుదోవ పట్టించే ప్రకటనల చట్టాలు దానికి వర్తిస్తాయని అన్నారు. ఆ కేసు తరువాత వేరే చిక్కుల్లో పడి, చివరికి రాజీతో ముగిసింది. ఒకే ప్రశ్నకి రెండు దేశాల కోర్టులు రెండు రకాల జవాబులు చెప్పాయన్నమాట.

మా ఇంట్లో మాత్రం ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాం. ట్రెయిలరు చూస్తాం, చూసి ఆనందిస్తాం, కానీ మొదటి రోజున వెళ్ళం. మా పక్కింటి పిన్నిగారికి మొదటి రోజు మేటినీ చూడకపోతే తోచదు. సాయంత్రం ఆవిడ రాగానే గోడ దగ్గర నిలబెట్టి, పిల్లలు చూడదగ్గదా, కత్తులున్నాయా, ముసలావిడ కూర్చోగలదా అని మూడు ప్రశ్నలు అడుగుతాను. మూడింటికీ నిజం చెబుతారు. కథ కూడా చెప్పడం మొదలుపెడతారు. సరిగ్గా పెళ్ళిపీటల దాకా వచ్చి, "ఇక మిగతాది మీరే వెళ్ళి చూడండమ్మా" అని లోపలికి వెళ్ళిపోతారు.